పంతొమ్మిది డ్రమ్ముల తేడా

1989 ఫిబ్రవరి ఇరవై ఒకటో తారీకు, మంగళవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలకి మా ఫ్యాక్టరీ గోడౌనులో పంతొమ్మిది డ్రమ్ములు తక్కువున్నాయని తేలింది. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, తనిఖీకి వచ్చిన పెద్దావిడ చేతి గడియారం చూసుకుని, పక్కనున్నతన్ని ఆ టైము కాగితం మీద వెయ్యమంది. అతను వేసేడు. నేను తొంగి చూసి చదివేను. అప్పటికి నాకు చదవడం వచ్చి రెండేళ్ళే. ఎక్కడ నాలుగక్షరాలు కనబడ్డా చదివెయ్యడం ఒక జబ్బులా ఉండేది.

ఫ్యాక్టరీ అంటే పెద్దదేం కాదు. కొత్తపేట దాటేక కాలవ పక్కన రెండు రేకుల షెడ్లు, ఒక పొగగొట్టం, ఒక గోడౌను. వరికి కొట్టే పురుగుమందు చేసేవాళ్ళం. నేను డ్రమ్ముల మేస్త్రీని. మేస్త్రీ అన్నది మాటవరసకి, నా కింద ఎవరూ లేరు. లారీ వస్తే డ్రమ్ములు దింపించడం, వరసలుగా పేర్పించడం, మందు వండే రోజున కావలసినన్ని లెక్కపెట్టి షెడ్డులోకి దొర్లించడం నా పని.

ఆ డ్రమ్ముల్లో ఒక రకం ద్రవం ఉండేది. చూడ్డానికి నీళ్ళే, మూత తీస్తే మాత్రం ముక్కు పగిలిపోయేది. దాని పేరు ఇంగ్లీషులో మూరెడు పొడుగు, నాకు ఇప్పటికీ నోరు తిరగదు. దాంతో పురుగుమందు వండుతారు. ఇంకో దారిన వండితే మనుషుల్ని చంపే వాయువు కూడా చెయ్యచ్చునట. ఆ సంగతి మాకు తనిఖీకి నలుగురు మనుషులు వచ్చేదాకా తెలీదు.

ఆ నలుగురూ ఢిల్లీ నుంచి వచ్చేరు. ప్రపంచంలో దేశాలన్నీ కూర్చుని, యుద్ధాల్లో వాడే విషవాయువు ఎవరూ చెయ్యకూడదని ఒప్పందం రాసుకుంటున్నాయిట. రాసుకున్నాక ఎవరు మాట మీద నిలబడ్డారో, ఎవరు చాటుగా చేస్తున్నారో చూడాలి కదా. ఎలా చూడాలి, ఏ పుస్తకాలు అడగాలి, దేన్ని లెక్కపెట్టాలి అన్నది ముందు కొన్ని ఫ్యాక్టరీల్లో చేసి చూసుకుంటున్నారు. అందులో మాదొకటి. మమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలీదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఈ సంగతి చెబితే, "మన డ్రమ్ములతో యుద్ధమేంటండీ బాబూ! మూత తీస్తే ముందు మనవే కదండీ తుమ్ముకుంటా పోయేది," అన్నాడు.

ఆ నలుగురికీ పెద్ద, నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒకావిడ. నూలు చీర మీద రబ్బరు బూట్లు వేసుకుంది. ఆవిడకి ఇంగ్లీషూ హిందీ తప్ప రావు. విజయనగరం వైపు మనిషి ఒకతను ఆవిడ మాటలు తెలుగులో మాకు చెప్పేవాడు, కాగితాలు కూడా అతనే రాసేవాడు. ఇంకొకతను ఫోటోలు తీసేడు. నాలుగో అతను డ్రమ్ముల్లో గాజు గొట్టం ముంచి, లోపలున్నది అదేనా కాదా అని చూసేడు.

మేనేజరుగారు వాళ్ళ కోసం కొబ్బరిబొండాలు ముందే కొట్టించి ఉంచేరు. ఆయన మండపేట రైసుమిల్లువారి అల్లుడు. తిట్టినా అండీ లేకుండా తిట్టరు. బొండాలు చూసి ఆవిడ తల అడ్డంగా ఊపింది. పని అయ్యేదాకా లోపల ఏమీ తాగరుట, అది వాళ్ళ నియమం. బొండాలు అలాగే బల్ల మీద ఉండిపోయేయి.

లెక్క ఇదీ. స్టోరు పుస్తకం ప్రకారం ఆ రోజు గోడౌనులో డెబ్భై ఒక్క డ్రమ్ములుండాలి. ఉన్నవి యాభై రెండు. తక్కిన పంతొమ్మిదీ ఎక్కడికి పోయేయి? వాళ్ళు వచ్చిందే ఆ ప్రశ్న అడగడానికి. ఫ్యాక్టరీకి వచ్చిన సరుకు మందులోకే వెళ్ళిందా, పక్కదారి పట్టిందా అని.

మేనేజరుగారు స్టోరుకీపరు వైపు తిరిగేరు.

"ఏవండీ, పంతొమ్మిది డ్రమ్ములు కాలవలో ఈతకెళ్ళేయంటారా?"

"లేదండి."

"పోనీ ఉప్పలగుప్తం రొయ్యల చెరువుల వైపు షికారుకెళ్ళేయా?"

"నాకు తెలీదండి. చీటీల్లో ఉన్నదే పుస్తకంలో ఎక్కించేనండి."

"పుస్తకంలో ఉన్నాయి. గోడౌనులో లేవు. మధ్యలో ఉన్నది తమరొక్కరే కదండీ."

స్టోరుకీపరు మా పేట కుర్రాడే. కుర్రాడంటున్నాను గానీ అప్పటికే ముప్ఫై దాటేయి, ఇద్దరు పిల్లలు. వాళ్ళ నాన్నా నేనూ ఒకే కామందు పొలంలో కోతలు కోసినవాళ్ళం. చర్చి బడిలో మొదలెట్టి బీకాం దాకా చదివి, మా పేటలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాడు. నన్ను బాబాయిగారూ అనేవాడు. నేను ఇంటి దగ్గర ఒరే అనేవాణ్ణి, ఫ్యాక్టరీలో మీరు అనేవాణ్ణి. కుర్చీకి ఆ మర్యాద ఇవ్వాలి.

నాలుగు గంటలకి ఢిల్లీవాళ్ళు కాగితం ముగించి సంతకాలు చేస్తారు. ఆలోపు డ్రమ్ముల సంగతి తేలకపోతే, 'పంతొమ్మిది డ్రమ్ములు ఏమయ్యేయో తెలియలేదు' అని రాసుకుపోతారు. అలా రాస్తే ఫ్యాక్టరీ పరువు పోతుంది. మేనేజరుగారు దానికి విరుగుడు ఆలోచించి పెట్టుకున్నారు. స్టోరుకీపరు దొంగతనంగా అమ్ముకున్నాడని రాయించి, సాయంత్రం కొత్తపేట పోలీసుస్టేషన్లో అప్పగించేస్తే ఫ్యాక్టరీ బయటపడుతుంది. ఆ మాట మా అందరి ముందే అన్నారు. గొంతు పెంచలేదు. "మీరేం అనుకోకండి, నాకు వేరే దారి లేదండి," అన్నారు.

ఇంకో దారి ఉంది. మందు వండినప్పుడల్లా ఆపరేటరు ఒక కాగితం నింపేవాడు. మేం వాటిని వంట కాగితాలనేవాళ్ళం. ఏ సరుకు ఎన్ని కిలోలు తూచి పోసేడో అందులో ఉంటుంది. ఆవిడ పొద్దున్నే వాటిని అడిగింది. మేనేజరుగారు ఇవ్వనన్నారు. "అవి మా వ్యాపారం గుట్టండి. అవి బయటికి పోతే రేపు అమలాపురంలో ఇంకోడు ఇదే మందు వండేస్తాడు," అన్నారు. ఆవిడ వాదించలేదు. అడిగేం, ఇవ్వలేదు అని రాయించింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు స్టోరుకీపరు క్యారేజీ విప్పలేదు. నేను తిన్నాను. ఆకలేస్తే తినాలి.

తిన్నాక వాళ్ళు ఇంకోసారి లెక్కపెడతామన్నారు. విజయనగరం అతను వరస మొదట్లో నిలబడి, డ్రమ్ము మీద చెయ్యి వేసి, "ఒకటి" అన్నాడు. అని, చేతిలో అట్ట మీద పెన్సిలుతో ఒక గీత గీసేడు. "రెండు" అన్నాడు, ఇంకో గీత.

నాకు చిరాకేసింది. ఒకటి అంటాడేమిటి, లాభం అనకుండా అనుకున్నాను. గీత కూడా అప్పుడే పెట్టేస్తున్నాడేమిటి అనుకున్నాను. అలా అనుకున్నాక ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చుండిపోయేను.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళాలి.

ఫ్యాక్టరీకి రాకముందు ఇరవై ఏళ్ళు నేను కామందు కళ్ళంలో ధాన్యం కొలిచేవాణ్ణి. మా నాన్న కొలిచేవాడు, ఆయన తర్వాత నేను. కుంచం చేత్తో పట్టుకుని మొదటి కొలతకి ఒకటి అనకూడదు, లాభం అనాలి. మిగతా ఊళ్ళలోనూ అలాగే అంటారు. మా కామందు కళ్ళంలో ఇంకో పద్ధతుండేది. ఆ లాభం కుంచం వేరే బుట్టలో పోసేవాళ్ళం. అది ఒంట్లో సత్తువ లేక కోతకి రాలేని ముసలాళ్ళకి పోయేది. కామందు లెక్కలోకి రాదు కనక దానికి గోడ మీద బొగ్గు గీత ఉండదు. రెండు అన్నప్పుడు మొదటి గీత. పది అనేసరికి నోట్లో పది, గోడ మీద తొమ్మిది. గుమస్తా గోడ చూసి రాసుకునేవాడు. అందరికీ తెలిసిందే కనక ఎప్పుడూ తగువు రాలేదు.

ఫ్యాక్టరీలోనూ గోడౌను గోడ మీద నా చెయ్యి అదే చేసింది. మొదటి డ్రమ్ము లాభం, గీత లేదు. రెండో డ్రమ్ముకి గీత. అయినా ఎన్నో ఏళ్ళు ఏ తేడా రాలేదు. ఎందుకంటే నేను చదువు రానివాణ్ణి. స్టోరుకీపరు పక్కన నిలబడి, నేను నోటితో చివర చెప్పిన అంకె రాసుకునేవాడు. నోరు ఎప్పుడూ సరిగ్గానే చెప్పేది.

నలభై ఆరో ఏట నాకు అతనే అక్షరాలు నేర్పేడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నల్ల డ్రమ్ము పొట్ట మీద సుద్దముక్కతో రాసి దిద్దించేవాడు. 'క్ష' దగ్గర ఇద్దరం నెల రోజులు ఆగిపోయేం. ఏడాది తిరిగేసరికి చర్చిలో నిలబడి వాక్యం చదివేను. కూడబలుక్కుంటూ చదివేను, అయినా చదివేను. మా ఆవిడ ఆ వేళ తల మీద ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కుంది, ఏడుస్తోందని ఎవరికీ తెలీకుండా. నాకు తెలిసింది.

తనిఖీకి ముందటేడు మార్చిలో స్టాకు చూసినప్పుడు లెక్క అణువంత తేడా లేకుండా సరిపోయింది. ఆ సంతోషంలో అతను నాతో, "ఇకనించి చీటీ మీరే రాయండి బాబాయిగారూ. రాయకపోతే అక్షరాలు తుప్పుపడతాయి," అన్నాడు. అప్పట్నుంచి వంట ఉన్న రోజున డ్రమ్ములు దొర్లించేశాక, గోడ మీద గీతలు లెక్కపెట్టి, ఆ అంకె చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. సంతకం మీద ఉన్న శ్రద్ధ గీతల మీద లేదు. ఎనిమిది డ్రమ్ములు వెళ్తే ఏడని రాసేవాణ్ణి. రాసిన ప్రతిసారీ ఒకటి తక్కువ. పుస్తకంలో ఆ ఒకటి గోడౌనులోనే ఉన్నట్టు.

ఇదంతా ఆ ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నప్పుడు తెలిసింది. తెలిసి కూడా గంటసేపు లేవలేదు. దాచడం ఎందుకు, చెబుతాను. చెప్తే చీటీ రాసే పని నాకు పోతుంది. ఈ వయసులో చదువెందుకు నీకు అన్నవాళ్ళు మా పేటలో ఉన్నారు. వాళ్ళకి నేనే జవాబిచ్చినట్టవుతుంది. చెప్పకపోతే అతను సాయంత్రం పోలీసుస్టేషన్లో ఉంటాడు. ఇందులో గంటసేపు తూచడానికేం లేదు. అయినా తూచేను.

రెండున్నరకి లేచి, కాలవ వైపు మెట్ల మీద కూర్చున్న స్టోరుకీపరు దగ్గరికి వెళ్ళి చెప్పేను. అతనికి మొదట అర్థం కాలేదు. వేళ్ళు మడిచి చూపించేను. లాభానికి వేలు మడవలేదు.

అతను నా చేతి వంక చూసి నవ్వేడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మీకు అక్షరాలు ఎందుకు నేర్పేనండీ నేను!"

"నన్నడుగుతావేంటి? సుద్దముక్క తెచ్చింది నువ్వు."

"ఇన్నాళ్ళూ గోడ చూసి రాసేరా? ఒక్కసారైనా డ్రమ్ములు చూసి రాయలేదా?"

"గోడ తప్పు చెబుతుందని ఎవడనుకున్నాడు?"

అతను లేచి నా జబ్బ పట్టుకున్నాడు. "పదండి, ఇప్పుడే చెప్పండి. నాకిద్దరు పిల్లలు బాబాయిగారూ." మీ పని పోతుంది, ఆలోచించుకోండి అని అతను అనలేదు. నేను కూడా అలా అంటాడని ఎదురుచూడలేదు.

ఆఫీసు గదిలో అందరి ముందూ చెప్పేను. మేనేజరుగారు చివరిదాకా విన్నారు.

"చాలా బాగుందండి. ఇద్దరూ ఒకే పేట, ఒకే చర్చి. ఒకళ్ళు కథ చెప్తే ఇంకొకళ్ళు ఊ కొడుతున్నారు."

"నేను ఊ కొట్టలేదండి," అన్నాడు స్టోరుకీపరు. "నాకూ ఇప్పుడే తెలిసిందండి."

విజయనగరం అతను పెద్దావిడకి మొత్తం చెప్పేడు. చాలా సేపు పట్టింది. లాభం సంగతి చెప్పలేక రెండుసార్లు నావైపు తిరిగేడు. ఆవిడ ఒక్కటే అడిగింది. మార్చి తర్వాత ఈయన రాసిన చీటీలు ఎన్ని?

స్టోరుకీపరు ఇనప చువ్వకి గుచ్చిన చీటీలు తీసి బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టేడు. పంతొమ్మిది.

ఆవిడ ఏదో అంటే అతను మాకు చెప్పేడు: "పంతొమ్మిది చీటీలు, పంతొమ్మిది డ్రమ్ములు. మేడమ్‌గారికి నమ్మాలనే ఉందటండీ. కానీ నమ్మడం ఆవిడ పని కాదట. చూడ్డం ఆవిడ పనట. వంట కాగితాలు చూపించమంటున్నారు."

మేనేజరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పొద్దున్నే చెప్పేను కదండీ."

"మందులో ఏమేం పడతాయో ఆవిడకక్కర్లేదటండీ. ఈ ఒక్క సరుకు ఎన్ని కిలోలు పడిందో ఆ ఒక్క వరస చాలట. మిగతాదంతా మీరే మూసేసి చూపించండంటున్నారు."

మేనేజరుగారు రాజమండ్రిలో ఉన్న ఓనరుగారికి ఫోను చెయ్యబోయేరు. లైను కలవలేదు. మళ్ళీ చేసేరు. మూడోసారి ఫోను పెట్టేసి, స్టోరుకీపరు వంక చూసేరు. అప్పటిదాకా ఆయన అతన్ని సరిగ్గా చూడలేదని నాకనిపించింది. మాటలన్నీ అతని భుజం మీదుగా గోడకేసి అన్నారు. ఇప్పుడు చూసి, ఆపరేటరుతో, "ఫైలు తెండి," అన్నారు.

ఆపరేటరు ఫైలు తెచ్చేడు. మేనేజరుగారు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సబ్బుల పెట్టె అట్ట రెండు ముక్కలు చింపి, కాగితం మీద పైనొకటి కిందొకటి ఆనించి, మధ్యలో ఒక్క వరస మాత్రం కనబడేలా తనే పట్టుకున్నారు. పక్కన నా చీటీ పెట్టేరు.

"చీటీలో ఏడు," అన్నాడు విజయనగరం అతను. "ఇక్కడ పదహారు వందల కిలోలు. డ్రమ్ముకి రెండొందలు. ఎనిమిది."

రెండోది. చీటీలో ఐదు, కాగితంలో ఆరు. మూడోది. చీటీలో తొమ్మిది, కాగితంలో పది. మూడోదానికి స్టోరుకీపరు బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. పంతొమ్మిదిసార్లు నా తప్పు నా ముందు చదివేరు. నా రాత ఒకళ్ళు పైకి చదవగా వినడం నాకదే మొదటిసారి. చివరికి వచ్చేసరికి అట్టముక్కల మీద మేనేజరుగారి వేళ్ళ చెమట దిగింది.

అయ్యాక ఆవిడ ఇంకోటి అడిగింది. గోడ చూస్తానంది. గోడౌనులోకి తీసుకెళ్ళి బొగ్గు గీతలు చూపించేను. ఫోటో అతను దాన్ని ఫోటో తీసేడు. తర్వాత పది డ్రమ్ములు నన్ను నాన్న నేర్పినట్టు లెక్కపెట్టమన్నారు. పెట్టేను. నోట్లో పది, గోడ మీద తొమ్మిది. ఆవిడ గోడ దగ్గరికి వచ్చి ఆ తొమ్మిది గీతల్నీ వేలితో లెక్కపెట్టుకుంది. నవ్వలేదు. తలూపింది.

డ్రమ్ములు పోలేదని, మందులోకే వెళ్ళేయని మూడు గంటల యాభైకి రాసేరు. చీటీ రాసే పద్ధతిలో లోపమని కూడా రాసేరు. ఆవిడ గేటు దాటి వెళ్ళి, కారు పక్కన నిలబడి, పొద్దుట్నుంచి బల్ల మీదున్న బొండాం తెప్పించుకుని తాగింది. నీళ్ళు వేడెక్కిపోయి ఉంటాయి. ఒక్క చుక్క మిగల్చలేదు.

మేనేజరుగారు నాతో, "రేపట్నుంచి మీరు చీటీ రాయకండి. ఏమనుకోకండి," అన్నారు.

"ఆయ్," అన్నాను.

మర్నాడు వంట ఉంది. స్టోరుకీపరు పెన్సిలు పట్టుకుని వరస పక్కన నిలబడ్డాడు, వెనకటిలాగే. "చెప్పండి బాబాయిగారూ," అన్నాడు. ఆ తర్వాత నేను పని మానేసేదాకా అతనే రాసేడు. మా మధ్య మాటలు తగ్గలేదు, పెరగలేదు. అక్షరాల గురించి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. కొన్నేళ్ళకి దేశాలన్నీ ఆ ఒప్పందం మీద సంతకాలు చేసేయని పేపర్లో చదివి, పేపరు తీసుకెళ్ళి అతనికి చూపించేను. "చదివేను బాబాయిగారూ," అన్నాడు. మడత పెట్టుకుని తెచ్చేసేను.

ఢిల్లీవాళ్ళు వచ్చిన ఆ రోజు, కాగితం చివర అక్కడున్నవాళ్ళందరూ సంతకం పెట్టాలన్నారు. వాచ్‌మన్ వేలిముద్ర వేసేడు. సిరా డబ్బా నా ముందుకి కూడా జరిపేరు. నేను పెన్ను అడిగి తీసుకుని, నా పేరు మొత్తం రాసేను. ఆ ఫ్యాక్టరీలో నేను రాసిన ఆఖరి రాత అది. అందరి పేర్లూ అందులో ఉన్నాయి, ఇక్కడ రాయను, కొందరు ఇప్పుడు లేరు. ఎవరెవరున్నారో మాత్రం చెబుతాను. ఒకటి, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దావిడ. రెండు, ఆవిడ మాట మాకు చెప్పిన విజయనగరం అతను. మూడు, ఫోటోలు తీసినతను. నాలుగు, డ్రమ్ముల్లో గాజు గొట్టం ముంచినతను. ఐదు, మేనేజరుగారు. ఆరు, ఫైలు తెచ్చిన ఆపరేటరు. ఏడు, వాచ్‌మన్. ఎనిమిది, స్టోరుకీపరు. తొమ్మిది, నేను.